పిల్లవాడి చేతికి మొదటి కంప్యూటర్

(భిలాయి సెక్టర్ 4లో మన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్ చదివి ఫౌజులో చేరినవాణ్ణి. కంప్యూటర్ పండితుణ్ణి కాను. మనవడి విషయంలో చేసిన పొరపాటు చెబుతాను, మీకు పనికొస్తుంది.

వాడికి ఆరేళ్ళు నిండగానే టాబ్లెట్ కొన్నాను. వేలితో వీడియోలు జరపడం తప్ప ఏమీ నేర్చుకోలేదు. సరే అని నా పాత డెస్క్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. ఒకరోజు నా పెన్షన్ కాగితాల ఫోల్డర్ చెరిపేశాడు. పరేడ్ గ్రౌండులో అరిచినట్టు అరిచాను. పది రోజులు వాడు కంప్యూటర్ ముట్టుకోలేదు.

అప్పుడు నా రిక్రూటు రోజులు గుర్తొచ్చాయి. 1989లో ఎస్.ఎల్.ఆర్. రైఫిల్ ఖోల్నా-జోడ్నా నేర్చుకుంటుంటే నా చేతిలోంచి పిస్టన్ స్ప్రింగ్ ఎగిరిపోయింది. ఉస్తాద్ తిట్టలేదు. "వెతుకు, మళ్ళీ పెట్టు" అన్నారు. ఆ ఓర్పు నేను చూపలేదు. నా కాగితాలున్న మిషన్ పసివాడికివ్వడం నా తప్పే కదా!

కాబట్టి నేను చెప్పేదొకటే. మొదటి కంప్యూటర్ పిల్లవాడు పాడుచేసినా మన గుండె గుభేలుమనకూడదు.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది. అలా మూలనపడ్డ డెస్క్‌టాప్ మీ ఇంట్లో ఉంటే పారేయకండి. ముందు మీ కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. పాత హార్డ్‌డిస్క్ బదులు ఎస్.ఎస్.డి. వేయించి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించండి. చిన్నపిల్లలకు జీకాంప్రిస్, ఎనిమిదేళ్ళు దాటాక స్క్రాచ్, రెండూ ఉచితమే. కొత్తదే కావాలంటే, కీబోర్డులోనే ఇమిడిపోయి 2020లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 400 వంటిది టీవీకి తగిలించుకోవచ్చు. ఏదైనా సరే హాల్లో, మన కళ్ళెదుట పెట్టండి. డబ్బా మూత విప్పి చూపించేటప్పుడు రైఫిల్ ఖాలీ చేసి చూసుకున్నట్టు ముందు ప్లగ్ తీయండి. పవర్ సప్లై మాత్రం విప్పొద్దు.

ఇంకో లాభం. ఇక్కడ మన పిల్లలు బడిలో హిందీ నేర్చుకుంటారు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో హిందీ 'క' ఏ మీట మీద ఉందో తెలుగు 'క' కూడా ఆ మీట మీదే. వాడు వాళ్ళమ్మ పేరు తెలుగులో మొదటిసారి కొట్టింది అలాగే.

పదకొండో రోజు నేనే పిలిచి కూర్చోబెట్టాను. "తాతా, మళ్ళీ చెరిగిపోతే?" అన్నాడు. "చెరిగితే చెరగనీ, మళ్ళీ వేసుకుందాం" అన్నాను.

జైహింద్.