శిలాఫలకం దక్కని పని



2020 జూలైలో హైదరాబాద్‌లో రెండు సర్కారు కట్టడాలు ఒకేసారి వార్తల్లోకెక్కాయి. హుస్సేన్‌సాగర్ పక్కన పాత సచివాలయాన్ని యంత్రాలు కూల్చడం మొదలుపెట్టాయి. అదే నెలలో మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి వాననీళ్లు మురుగుతో కలిసి వచ్చి, రోగుల మంచాల కింద నిలిచాయి. నెలాఖరుకు ఆసుపత్రి పాత భవనాన్ని ఖాళీ చేయించారు. సచివాలయం స్థానంలో కొత్తది 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. మూడేళ్లు తిరక్కుండా ఒకచోట గుమ్మటాలు లేచాయి. రెండోచోట తలుపులు తెరుచుకోలేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత సొంతిల్లు కట్టుకునేవాడి గురించి పుట్టింది. కట్టేదీ అతడే, తర్వాత పడేదీ అతడే. సర్కారు భవనానికి ఆ లెక్క వర్తించదు. శంకుస్థాపన చేసే మంత్రి ఒకరు, ఎస్టిమేట్ వేసే ఇంజినీరు ఒకరు, కట్టే కాంట్రాక్టరు ఇంకొకరు. లోపాలకు కాంట్రాక్టరు జవాబుదారీగా ఉండే గడువు సాధారణంగా రెండు మూడేళ్లు. అది తీరాక కారే కప్పు కింద బకెట్ పెట్టుకుని కూర్చునేది అటెండరు.

బకెట్ అన్నది మాటవరసకు కాదు. ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనం 2023 మే 28న ప్రారంభమైంది. 2024 జూలై 31 రాత్రి కురిసిన వానకు దాని లాబీలో నీళ్లు కారాయి. కింద పెట్టిన బకెట్ వీడియో దేశమంతా తిరిగింది. లాబీ పైన ఉన్న గాజు గుమ్మటాలను అతికించిన పదార్థం కాస్త జరిగిందని, సరిచేశామని లోక్‌సభ సచివాలయం చెప్పింది. పద్నాలుగు నెలల భవనానికే ఆ గతి పడితే, నూరేళ్ల భవనం కారిందని దాన్ని నిందించడం ఎంతవరకు న్యాయం?

ఉస్మానియా ఆసుపత్రి పుట్టుకే నీటితో ముడిపడింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో అప్పటికి ఉన్న ఆసుపత్రీ పోయింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా తీసుకున్నారు. ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. నది ఒడ్డునే విన్సెంట్ ఎష్ గీసిన కొత్త ఆసుపత్రి లేచింది. ఎదురు గట్టున హైకోర్టు భవనమూ ఆయన చేతి పనే. అంటే నీళ్లను ఎక్కడ ఆపాలో, ఎటు పంపాలో ముందుగా తేల్చుకుని, ఆ తర్వాత గుమ్మటాల సంగతి చూశారు. ఈ వరసను ఇవాళ్టి ఇంజినీర్లు గుర్తుపెట్టుకుంటే చాలా ఖర్చు మిగులుతుంది.

2015లో ఆ ఆసుపత్రిని కూల్చి బహుళ అంతస్తులు కడతామని ప్రభుత్వం అన్నప్పుడు నగరంలో పెద్ద గొడవే జరిగింది. పేచీ కోర్టులకెక్కింది. చివరికి 2025 జనవరి 31న గోషామహల్‌లో 26 ఎకరాల్లో, రెండువేల పడకలతో కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన చేశారు. రోగులకు కొత్త ఆసుపత్రి కావాలి, అందులో వాదన లేదు. కానీ కూల్చాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ కత్తులు దూసుకున్న ఆ పదేళ్లలో పాత కట్టడం పైకెక్కి రావి మొక్కలు పీకే మనిషి ఊసు పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

పాత కట్టడం ఎలా చెడుతుందో మేస్త్రీలకు బాగా తెలుసు. పిట్టగోడ సందులో పక్షి రెట్టతో పడిన రావి విత్తనం మొలుస్తుంది. వేరు గోడలోకి దిగి నెర్రె తీస్తుంది. నెర్రెలోంచి నీళ్లు దిగుతాయి. చెమ్మ కనబడగానే ఎవరో ఒకరు సిమెంటు పూయిస్తారు. అసలు రోగం అప్పుడు మొదలవుతుంది. డంగుసున్నం గోడ తడిని పీలుస్తుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. దానిమీద సిమెంటు గిలాబా కొడితే పీల్చిన తడి బయటికి పోలేక లోపలే తిరుగుతుంది. పైన నున్నగానే ఉంటుంది, లోపల సున్నం పొడి పొడి అవుతుంది. పదేళ్ల తర్వాత గోడ ఉబ్బితే అదిగో, ముసలి కట్టడం, కూల్చేయండి అంటారు. సున్నం, ఇసుక గానుగలో నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి పూసే పనివాళ్లు ఇప్పుడు బహు తక్కువ. సిమెంటు పనికి ఎస్టిమేట్ కట్టడం అరగంట పని. డంగుసున్నం పనికి ధర తేల్చేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. తక్కువకు పాడినవాడికే టెండరు దక్కుతుంది కాబట్టి, ఆ పని తెలిసినవాడి కంటే తెలియనివాడికి దక్కే అవకాశమే ఎక్కువ.

అయినా ఓపిక పట్టిన చోట ఫలితం వచ్చింది. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీని రాయబారి జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టించాడు. నక్షా గీసింది ఇంజినీరు శామ్యూల్ రస్సెల్. 1949లో అది మహిళా కళాశాల అయింది. రాయబారి దర్బారులో ఆడపిల్లలు పాఠాలు విన్నారు. ప్రభుత్వ భవనానికి అంతకన్నా మంచి పునర్జన్మ దొరకడం కష్టం. కప్పు బలహీనపడితే 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. బాగుచేసి మళ్లీ తలుపులు తెరిచింది 2023 జనవరిలో. కట్టడానికి నాలుగేళ్లు కూడా పట్టని భవనాన్ని నిలబెట్టుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మొజంజాహీ మార్కెట్ కథ దీనికంటే చురుకైనది. 1935 నాటి నల్లరాతి కట్టడానికి దుకాణదారులు రేకుల షెడ్లు, బోర్డులు, తీగలు తగిలించుకుంటూ పోగా అసలు గోడ కనబడకుండా పోయింది. 2018లో పని చేపట్టి అదనపు హంగులన్నీ ఊడదీశారు. గోపురం గడియారాన్ని నడిపించారు. 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఇందులో మెచ్చుకోవలసింది రంగులూ దీపాలూ కావు, దుకాణాలను వెళ్లగొట్టకపోవడం. పళ్లూ ఐస్‌క్రీములూ అక్కడే అమ్ముడవుతున్నాయి. జనం తిరిగే కట్టడానికి కాపలావాళ్లు ఊరికే దొరుకుతారు.

హైదరాబాద్‌లోని పాత సౌధం ఎర్రమంజిల్‌ది మరో దారి. 2019 జూన్ 27న అక్కడ కొత్త శాసనసభకు శంకుస్థాపన జరిగింది. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. శిలాఫలకం వేయడం ఎంత సులువో, నిబంధనలు దాటడం అంత సులువు కాదని మూడు నెలల్లోనే తేలింది.

ఇక అమరావతి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపనకు ప్రధాని పార్లమెంటు ఆవరణ మట్టి, యమునా జలం వెంట తెచ్చారు. ఊరూరి నుంచీ మట్టీ నీళ్లూ వచ్చాయి. సచివాలయం టవర్ల పునాదికి రాఫ్ట్ కాంక్రీటును రాత్రింబగళ్లు ఆపకుండా పోశారు. 2019లో ప్రభుత్వం మారింది, పనులు ఆగాయి, గుంతలు చెరువులయ్యాయి. 2024లో ఐఐటీ నిపుణులు ఆ పునాదుల్ని చూడటానికి పడవ ఎక్కవలసి వచ్చింది. నిజానికి కాంక్రీటుకు నీళ్లు పగ కాదు. స్లాబు వేశాక గట్లు కట్టి నీళ్లు నిలబెట్టేది అది గట్టిపడటానికే. బెంగ అంతా బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వల గురించి. తడికీ గాలికీ మధ్య ఏళ్ల తరబడి నిలబడ్డ చువ్వ తుప్పు పట్టక మానదు. నీళ్లు తోడించి, పరీక్షలు చేయించి, 2025 మే 2న మళ్లీ పనులు మొదలుపెట్టారు. ఎన్నికల ఫలితాన్ని తట్టుకునే పునాది ఎలా వేయాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. కాకపోతే పని ఆగిపోయేటట్టుంటే చువ్వలకు సిమెంటు పాలు పూసి, నీళ్లు బయటికి పోయే దారి చేసి దిగిపోవచ్చు. దానికయ్యే ఖర్చు తర్వాతి పరీక్షల ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

పెద్ద కట్టడాల సంగతి అలా ఉంచితే, తెలుగునాట ఈ మధ్య జరిగిన అతి పెద్ద మరమ్మతు బడుల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు తొలి విడతలో 15,715 పాఠశాలలు ఉన్నాయి. తెలంగాణ 2022 మార్చి 8న మన ఊరు-మన బడిని 26,065 పాఠశాలలకు ప్రకటించింది. రెండింటి పనుల జాబితాల్లోనూ నీటి వసతి ఉన్న మరుగుదొడ్లకు పెద్దపీట వేశారు. ఎదిగే ఆడపిల్ల బడి మానడానికి గల కారణాల్లో ఒకటి ఎక్కడుందో ఆ జాబితా రాసినవాళ్లకు తెలుసు. ఆంధ్రలో కొనుగోళ్లూ పనులూ తల్లిదండ్రుల కమిటీల చేతిలో పెట్టారు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉంచడానికి అమ్మఒడి 15,000 రూపాయల్లోంచి వెయ్యి తీసి నిధి పెట్టారు, ఆయాలను నియమించారు. తల్లులకిచ్చే డబ్బులో కోత ఏమిటన్న విమర్శ వచ్చింది. అందులో న్యాయం ఉంది, ఆ వెయ్యి బడ్జెట్‌లోంచే రావలసింది. కానీ కట్టిన గదిని ఊడ్చే మనిషి జీతం ఎక్కణ్నుంచి వస్తుందని కట్టేటప్పుడే అడిగిన పథకాలు వేళ్లమీద లెక్కపెట్టదగినవి.

ఇవాళ సివిల్ ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ పట్టాలు అందుకుంటున్నవాళ్లలో కొందరు గాజు గోపురాలు గీస్తారు. మంచిదే. ఎక్కువమందికి మాత్రం రోడ్లు భవనాల శాఖలోనో, పంచాయతీరాజ్‌లోనో, మునిసిపాలిటీలోనో అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) ఉద్యోగం దొరుకుతుంది. చేరిన మొదటి వానాకాలమే ఏ హాస్టల్ వార్డెనో, ఆరోగ్య కేంద్రం నర్సమ్మో ఫోన్ చేసి పైన కారుతోంది సార్ అంటారు. వెళ్తే డాబా పైకి మెట్లుండవు. పక్కింటి నిచ్చెన అడగాలి. పైన విరిగిన కుర్చీలు, ఎండుటాకులు, తెగిన గాలిపటాలు, చీలమండ లోతు నీళ్లు ఉంటాయి. మూలన తూము మూతి దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు అడ్డం పడి ఉంటుంది. దాన్ని లాగి పారేస్తే నీళ్లు గుటకలు వేస్తూ దిగిపోతాయి. ఆ కవరు తీసిన పనిని కొలతలు రాసే ఎం-బుక్‌లో ఏ పద్దు కింద రాయాలో మాత్రం ఆ ఏఈ నిచ్చెన దిగుతూ ఆలోచించుకోవాలి.