పాత బెంచి వైసు: కొనేముందు చేయవలసిన తనిఖీ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో డి.ఆర్. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు వేదిక మీదనే ఉన్నారు. నాకు ఇచ్చిన అంశం "విశ్రాంత జీవితంలో వ్యాపకం". నా వ్యాపకం పాత బెంచి వైసులు సేకరించడం. కనుక వాటిని గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను ఇంజనీరింగు శాఖలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాడిని. టి అండ్ పి రిజిస్టరు, అంటే పనిముట్ల రిజిస్టరు, చాలా ఏళ్ళు నా చేతి మీదుగా నడిచింది. ఏటా "వైస్, బెంచి, 5 అంగుళాలు – ఒకటి" అని రాసి, భౌతిక తనిఖీ జరిగినట్లు అధికారి సంతకం పెట్టించేవాడిని. సర్వీసు మొత్తం మీద ఆ వైసు హ్యాండిలు తిప్పే అవసరం నాకు రాలేదు. రిటైరైన తరువాత ఇంటి వెనుక రేకుల షెడ్డులో పనిబల్ల వేసుకున్నప్పుడు మొట్టమొదట కొన్న వస్తువు మాత్రం అదే. నేడు నా దగ్గర నాలుగు వైసులు ఉన్నవి.

తెలియనివారి కోసం చెబుతున్నాను. బెంచి వైసు అంటే రెండు ఇనుప దవడల మధ్య వస్తువును పట్టి, స్క్రూతో బిగించే సాధనం. మన మిస్త్రీలు కొందరు దీనినే "బాంక్" అంటారు. డెబ్బై దాటిన చేతులకు వణుకు సహజం. ఒక చేత్తో వస్తువు పట్టుకొని మరో చేత్తో ఆకురాయి పెడితే జారి వేలు తెగుతుంది. వైసు ఉంటే అది మూడవ చెయ్యి. వస్తువును అది పట్టుకుంటుంది, మన రెండు చేతులూ పనిముట్టు మీద ఉంటాయి. కుళాయి విప్పాలన్నా, పైపు కోయాలన్నా, కొడవలికి పదును పెట్టాలన్నా, చేతికర్ర అడుగున రబ్బరు తొడుగు మార్చాలన్నా దీని సాయం కావాలి.

దీని బలం ఎక్కడిదో ఒక లెక్క చూడండి. స్క్రూ మధ్య నుండి మన చేతి వరకు హ్యాండిలు 25 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక చుట్టు తిప్పితే చెయ్యి సుమారు 157 సెంటీమీటర్లు తిరుగుతుంది, దవడ కదిలేది అర సెంటీమీటరు. అంటే బలం 300 రెట్లకు పైగా పెరగాలి. రాపిడికి నాలుగింట మూడు వంతులకు పైగా పోయినా, ఐదు కిలోల ఒత్తిడితో ముసలి చెయ్యి సుమారు 300 కిలోల పట్టు సాధిస్తుంది. హ్యాండిలుకు పైపు తొడిగి పొడవు పెంచి బిగించరాదని చెప్పేది ఇందుకే. ఆ బలానికి స్క్రూ గాని, నట్టు గాని, దవడ గాని పగులుతుంది.

ఇక రకాలు. ఫిట్టరు వాడేది పోత ఇనుముతో చేసిన సాధారణ బెంచి వైసు. వడ్రంగి వైసు బల్ల అంచుకు కింద అమరుతుంది. దాని దవడలకు చెక్క పలకలు బిగిస్తారు. మూడవది కమ్మరి వాడే కాలు వైసు. దాని కాలు నేల వరకు దిగి ఉంటుంది. కొలిమిలో కాల్చి, కొట్టి చేసిన ఇనుము కనుక సుత్తి దెబ్బకు తట్టుకుంటుంది. పోత ఇనుము గట్టిదే గాని పెళుసు. బెంచి వైసులో ఇనుపకడ్డీ పెట్టి పెద్ద సుత్తితో వంచితే ఏదో ఒకరోజు దవడ విరుగుతుంది. కొట్టే పనికి కాలు వైసు, పట్టే పనికి బెంచి వైసు అని గుర్తుపెట్టుకోవాలి.

మన ప్రాంతంలో ఇవి ఎక్కడ దొరుకుతాయి? వాడి–సికింద్రాబాదు రైలు మార్గం 1874లో వచ్చింది. వికారాబాదు, తాండూరు స్టేషన్లు ఆ దారిలోనివే. తాండూరులో బండల పాలిషింగు యూనిట్లు, కంది పప్పు మిల్లులు ఉన్నవి. ఆ కంది 2022లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. యంత్రం ఉన్నచోట మరమ్మతు, మరమ్మతు ఉన్నచోట వైసు తప్పదు. యూనిట్లు మూతపడినప్పుడు, షెడ్డులు చేతులు మారినప్పుడు అవి పాత ఇనుము దుకాణాలకు చేరుతాయి. హైదరాబాదు వెళ్ళగలిగినవారికి పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారు, కొత్తవి కావాలంటే సికింద్రాబాదు రాణీగంజ్ ఉన్నవి.

పాతవాటిలో పేరున్నవి కొన్ని చెబుతాను. ఇంగ్లండులో షెఫీల్డు నగరపు "రికార్డు", షిప్లీలోని పార్కిన్‌సన్ వారి "పర్ఫెక్టు", వెడ్నెస్‌బరీ పట్టణపు "వోడెన్". అమెరికాలో 1941లో హ్యూ వోగల్ స్థాపించిన "విల్టన్". ఇటువంటి పేరు దవడ పక్కన పోతపోసి ఉంటే దుకాణదారు తూకం ధర మాని మోజు ధర చెబుతాడు. మనవాళ్ళు కూడా మంచివి చేశారు, చేస్తున్నారు. పంజాబులోని జలంధరు చేతి పనిముట్లకు పేరుపొందిన ఊరు. బెంచి వైసులకు ఐ.ఎస్. 2586 అనే భారత ప్రమాణమే ఉన్నది. పాతదైతే చాలు మంచిదని గాని, విదేశీ పేరుంటే చాలు మేలైనదని గాని అనుకోవద్దు. అరిగిపోయిన గొప్పపేరు వైసు కంటే, దవడలు సరిగా కలిసే పేరులేని వైసు వెయ్యి రెట్లు నయం.

కనుక రిజిస్టరు తనిఖీ వలెనే వైసు తనిఖీ కూడా వరుసక్రమంలో చేయండి.

ఒకటి, పగుళ్ళు. దవడ మూలాలలో, స్క్రూ దూరే చోట, అడుగున బోల్టు రంధ్రాల దగ్గర చూడండి. అనుమానం ఉంటే కిరసనాయిలు రాసి, ఐదు నిమిషాలాగి శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపలి నూనె పైకి వచ్చి సుద్ద మీద గీత పడుతుంది.

రెండు, వెల్డింగు. కొత్త రంగు దట్టంగా వేసి ఉంటే దాని కింద అతుకు ఉందేమో చూడాలి. పోత ఇనుము అతుకును నమ్మరాదు.

మూడు, దవడలు. రెండు చివరల రెండు కాగితం ముక్కలు పెట్టి మెల్లగా బిగించండి. రెండు ముక్కలూ ఒకే పట్టులో ఉండాలి. వదులుగా మూసినప్పుడు పై అంచులు ముందు తగలడం దోషం కాదు, బిగించే కొద్దీ కింద కూడా కలుస్తాయి. కింద ముందు తగిలి పైన సందు మిగిలితే వదిలేయండి.

నాలుగు, ఊగుడు. దవడను సగం తెరిచి చేత్తో పైకి కిందికి, పక్కలకు ఊపండి. కొద్దిపాటి కదలిక ఉంటుంది, గడగడలాడితే అరిగినట్లే.

ఐదు, స్క్రూ, నట్టు. హ్యాండిలు తిప్పినా దవడ కదలకుండా పోయే వృథా తిరుగుడు పావు చుట్టు వరకు ఫరవాలేదు. అర చుట్టు దాటితే మరలు అరిగినవి. స్క్రూ బాగుండి నట్టు మాత్రమే పోతే లేతు షాపులో చేయించుకోవచ్చు, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

ఆరు, దవడ బిళ్ళలు. ఇవి స్క్రూలతో బిగించి ఉంటాయి. అరిగితే మార్చుకోవచ్చు. బిళ్ళలు లేవని మాత్రమే మంచి వైసును వదలవద్దు.

ఏడు, సైజు. వైసు సైజు అంటే దవడ వెడల్పు. ఇంటి పనికి నాలుగు అంగుళాలు, అంటే 100 మిల్లీమీటర్లు చాలు. ఆరు అంగుళాలది ఇరవై కిలోలు దాటవచ్చు, మన నడుములకు అది తగదు. ఎత్తవలసి వస్తే కదిలే దవడను విప్పి, రెండు భాగాలుగా మోయండి. చివరి చుట్టు దగ్గర అది ఒక్కసారిగా జారి కాలి మీద పడుతుంది, కింద చెయ్యి గాని దిమ్మ గాని ఆనించండి.

తనిఖీలో ఎనిమిదవ అంశం కాగితాలది. ఇది అందరూ శ్రద్ధగా వినాలి. మనది రైలు దారి మీది ప్రాంతం. నిజాం స్టేట్ రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. దక్షిణ మధ్య రైల్వే 1966లో ఏర్పడింది. ఏ పనిముట్టు మీదనైనా రైల్వే అక్షరాలు కొట్టి ఉంటే సేకరణదారుకు ముచ్చట కలుగుతుంది. కాని రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం కూడా 1966దే. దొంగిలించినదన్న అనుమానం ఉన్న రైల్వే సామాను మన ఇంట్లో దొరికి, అది న్యాయంగా వచ్చిందని చూపలేకపోతే, మొదటి నేరానికే ఐదేళ్ళ వరకు జైలు పడవచ్చు. వేలంలో అమ్మిన సరుకైతే దుకాణదారు దగ్గర వేలం కాగితం ఉండాలి. దాని నకలు, బిల్లు ఇవ్వనంటే ఎంత మంచి వైసైనా దండం పెట్టి వచ్చేయండి. సర్వీసంతా మచ్చ లేకుండా గడిపి, పింఛను వయసులో తుక్కు ఇనుము కోసం స్టేషను మెట్లెక్కడం ఎందుకు?

ఇంటికి తెచ్చాక తుప్పు వదిలించాలి. విప్పి రెండు రోజులు కిరసనాయిలులో నాననిచ్చి ఇనుప బ్రష్షుతో రుద్దండి. చిన్న భాగాలకు చింతపండు పులుసు బాగా పనిచేస్తుంది. తరువాత సోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. దానిని పొడిగా గీకి దుమ్ము లేపరాదు, తడిపి రుద్దాలి. మనుమలు ఆడుకునే చోట ఆ పని అసలే వద్దు. స్క్రూకు గ్రీజు, జారే భాగానికి నూనె పెట్టాలి, దవడలకు ఏమీ పెట్టరాదు. ఇత్తడి వంటి మెత్తని వస్తువు పట్టేటప్పుడు దవడల మధ్య రాగి రేకు గాని, తోలు ముక్క గాని పెట్టాలి.

బిగించే విషయంలో మన ఇళ్ళకు ప్రత్యేకమైన మాట ఒకటి ఉన్నది. మన దగ్గర అరుగులన్నీ తాండూరు బండలే. బండ మీద వైసు నేరుగా బిగించవద్దు. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది, బోల్టు బిగింపుకూ కుదుపుకూ చీలుతుంది. రెండు అంగుళాల మందం గట్టి కర్ర బల్ల కావాలి. కదలని దవడ ముఖం బల్ల అంచుకు కొంచెం బయటకు రావాలి, అప్పుడే పొడవాటి వస్తువును నిలువుగా పట్టగలం. నిలబడినప్పుడు దవడల పై అంచు మోచేతి ఎత్తున ఉంటే నడుము వంగదు.

చివరగా, ఎన్ని కొనాలి? మా ఇంటావిడ ఈ ప్రశ్న నన్ను మూడవ వైసు వచ్చిన రోజునే అడిగింది, "ఇది ఇల్లా, గోదామా?" అని. న్యాయమైన ప్రశ్నే. పనికి ఒక బెంచి వైసు, కొట్టే పని ఉన్నవారికి ఒక కాలు వైసు చాలు. మిగిలినవి ముచ్చట కోసం. ముచ్చట తప్పు కాదు గాని, దానికి ఒక లెక్క ఉండాలి. మన తరువాత ఆ ఇనుము విలువ ఇంట్లో ఎవరికి తెలుసు? పెద్దాయన పోయిన నెలకు షెడ్డు ఖాళీ చేస్తారు, కబాడీ బండి వస్తుంది, తూకం వేస్తారు. రెండు తరాలు పనిచేసిన వైసు, మరో రెండు తరాలు చేయగలిగినది, కొలిమిలో కరిగిపోతుంది. పిల్లలను తప్పుపట్టలేము, మనం చెప్పలేదు గనుక వారికి తెలియదు.

అందుచేత నేను పాత అలవాటు కొద్దీ ఒక రిజిస్టరు పెట్టాను. వరుస సంఖ్య, సైజు, కొన్న తేదీ, ధర, బిల్లు, లోపాలు అని గడులు గీశాను. చివరి గడి "ఎవరికి చెందవలెను" అన్నది. నాలుగింటిలో చిన్నది మా వీధి సైకిలు మరమ్మతు కుర్రవానికి. వడ్రంగి వైసు మా బంధువుల అబ్బాయికి, అతడు ఐ.టి.ఐ. చదివి సొంతంగా పని మొదలుపెట్టాడు. ఈ రెండూ నేను ఉండగానే ఇవ్వాలని నిశ్చయించాను, వచ్చే నెల వాటి బోల్టులు విప్పుతున్నాను. కాలు వైసు ఎదురు గ్రామపు కమ్మరి ఇంటికి చేరాలి. నాలుగు అంగుళాల బెంచి వైసు మాత్రం చెయ్యి ఆడినంతకాలం నాతోనే ఉంటుంది, ఆ తరువాత మా మనుమరాలిది. దాని హ్యాండిలు తిప్పడం ఇప్పటికే ఆ పిల్లకు వచ్చు.

మీ ఇళ్ళల్లో వైసు లేకపోవచ్చు. కుట్టు మిషనో, త్రాసో, వడ్రంగం పెట్టెనో, హార్మోనియమో ఉండి తీరుతుంది. దానికి కూడా ఒక కాగితం మీద చివరి గడి పూరించి పెట్టవలసిందిగా కోరుతూ, పాత వైసు కొనదలచినవారు సుద్దపొడి, రెండు కాగితం ముక్కలు జేబులో పెట్టుకొని రండి, తోడుగా నేను వస్తానని మనవి చేస్తున్నాను.