గోడు వినే మనిషి మారిపోతే

మిరప ధర పడిపోయిన ఏడాది నిద్రపట్టని కౌలురైతు ఒకాయన ఒంగోలు పెద్దాసుపత్రికి వచ్చాడనుకోండి. మాత్రతోపాటు ఆయనకు నెలనెలా తన గోడు వినే మనిషి కావాలి.

ఆ మనిషిని జిల్లా స్థాయిలోనే అందించాలని పుట్టింది జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. మన పొరుగునున్న బళ్లారి దీనికి నమూనా. 1996లో ముందుగా ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. మానసిక వైద్యుడు, సైకాలజిస్టు, నర్సు, సామాజిక కార్యకర్త కలిసి పనిచేయాలి. అయితే ఈ కొలువులు చాలావరకు కాంట్రాక్టువి. జాతీయ ఆరోగ్య మిషన్ నిధులు మంజూరు కావాలి, గడువు తీరగానే ఒప్పందం పొడిగించాలి. స్థిరమైన ఉద్యోగం దొరికితే ఎవరైనా వెళ్లిపోతారు, వారిని తప్పుపట్టలేం.

జ్వరం మందు ఎవరిచ్చినా పనిచేస్తుంది. మనసు విప్పి చెప్పుకున్న మనిషి మారితే మాత్రం రోగి మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాలి. కొందరైతే ఇక రారు. అందుకే కనీసం సైకాలజిస్టు, నర్సు కొలువులైనా శాశ్వతం చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఈలోగా మీ ఇంట్లో ఎవరైనా కుంగిపోతుంటే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ ఇది. రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడండి.