వినికిడి మిషన్ కొనేముందు పెద్దవారి వేళ్ళు చూడండి



మీలో చాలామంది అమ్మకో నాన్నకో తోడుగా వచ్చినవారు. చెవి పరీక్ష అయ్యాక మీరు మమ్మల్ని అడిగే మొదటి మాట దాదాపు ఒకటే. "సిస్టర్, బయటికి కనబడని మిషన్ ఉందా?" ఆ మాట తప్పని నేను అనను. కళ్ళజోడు పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. చెవికి మిషన్ పెడితే మాత్రం చెవిటి మాలోకం అని నవ్వుతారేమోనని భయం.

కొన్నేళ్ళ క్రితం ఒక పెద్దాయనను కొడుకు మా దగ్గరికి తీసుకొచ్చాడు. అంతకు ముందే పట్నంలో చెవి లోపల ఇమిడిపోయే అతి చిన్న మిషన్ కొనిచ్చాడు. ప్రేమతోనే, చాలా డబ్బు పెట్టి కొన్నాడు. ఆయనేమో జీవితమంతా పొలం పని చేసిన మనిషి. వేళ్ళు మొద్దుబారాయి, షుగరు కూడా ఉంది. కందిగింజంత బ్యాటరీ ఆ వేళ్ళ మధ్య నిలవదు. దాన్ని ఇంచుమించు వారానికొకసారి మార్చాలి. కోడలు మార్చినన్నాళ్ళూ విన్నాడు. ఆమె కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది, మిషన్ డబ్బాలోకి వెళ్ళింది. అయ్యగారి ప్రసంగం వినబడనప్పుడు వచ్చి ఏం లాభమని ఆదివారం చర్చికి రావడం కూడా మానుకున్నాడు. ఇంట్లో అందరూ ఉన్నా ఆయన ఒంటరివాడయ్యాడు.

ఆయనకు చెవి వెనుక పెట్టుకునే మిషన్ ఇప్పించాము. దాని బ్యాటరీ కొంచెం పెద్దది, చేతికి దొరుకుతుంది. మా ముందే నాలుగైదుసార్లు తీయించి పెట్టించాకే ఇంటికి పంపాము.

అందుచేత ముందు ఆడియోగ్రామ్ చూడండి, తర్వాత వేళ్ళూ కంటి చూపూ చూడండి. అందం ఆ తర్వాత. చెవుడు 70 డెసిబెల్స్ దాటితే లోపల ఇమిడే చిన్న మిషన్ శక్తి సాధారణంగా చాలదు. గులిమి, చెమట వల్ల అది త్వరగా మూసుకుపోతుంది కూడా. చెవి కారేవారు దాని జోలికి పోవద్దు, ముందు డాక్టరుగారికి చూపించుకోండి. చెవి వెనుక మిషన్ కొద్దిపాటి చెవుడు నుండి బాగా ఎక్కువ చెవుడు వరకు పనికొస్తుంది. కాకపోతే చెవి కొలతకు అచ్చు చేయించాలి. అచ్చు వదులైతే కీచుమని కూత వస్తుంది. అది మిషన్ చెడిపోవడం కాదు, అచ్చు మార్పించాలి.

సన్నని తీగతో చెవిలోకి చిన్న స్పీకరు వెళ్ళే రకం ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నారు. మాటలు వినబడుతున్నా అర్థం కావడం లేదనేవారికి చాలాసార్లు అది బాగుంటుంది. దాని కొనను రోజూ తుడవాలి. ఛార్జింగ్ పెట్టుకునేవైతే బ్యాటరీ మార్చే బాధ లేదు. రాత్రి సెల్‌ఫోన్‌తోపాటు దాన్నీ పెట్టే మనిషి ఇంట్లో ఉండాలి, అంతే. చేతులు బాగా వణికేవారికి జేబులో పెట్టుకునే పాత రకం డబ్బా మిషన్‌ను చిన్నచూపు చూడకండి. చొక్కా రాసుకుని గరగరమంటుంది గాని మీటలు పెద్దవి, పెన్సిల్ సెల్ ఎవరైనా వేయగలరు.

పసిపిల్లలకైతే చెవి వెనుక రకమే. చెవి పెరిగే కొద్దీ అచ్చు మారిస్తే చాలు, మిషన్ అదే ఉంటుంది. బ్యాటరీ మాత్రం పిల్లలకు అందనివ్వకండి. మింగితే వాంతి చేయించకుండా ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తండి.

డబ్బు లేదని ఊరుకోవద్దు. వికలాంగ ధ్రువపత్రం ఉండి ఆదాయ పరిమితిలో ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద వినికిడి మిషన్లు ఇస్తారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడ వినికిడి పరీక్షలు చేస్తారు.

మిషన్ ఎంచుకునే రోజున మాట్లాడవలసింది పెద్దవారు, మీరు కాదు. "నాన్నకు ఇది చాలు" అని మీరే తేల్చేయకండి. ఆయన చేతికిచ్చి పెట్టుకోమనండి, బ్యాటరీ మార్చమనండి. మొదటి రెండు మూడు వారాలు పళ్ళేల చప్పుడు, ఫ్యాను హోరు కూడా పెద్దగా వినబడి విసుగొస్తుంది. ముందు ఇంట్లో కొద్ది గంటలు పెట్టించి, మెల్లగా పెంచండి. పాత మిషన్ ఏదైనా బీరువాలో పడి ఉంటే, ఈసారి వచ్చేటప్పుడు సంచిలో వేసుకు రండి. చాలావాటికి గులిమి తీసి శుభ్రం చేస్తే సరిపోతుంది.