కంప్యూటర్ దిద్దే హోంవర్కు
(సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత గణిత అధ్యాపకుని ప్రసంగ పాఠం)



మన మనవలు, మనవరాళ్ళలో చాలామంది ఇప్పుడు లెక్కల హోంవర్కు కంప్యూటరులోనే చేస్తున్నారు. ఒక్కొక్కప్పుడు లెక్క సరిగా చేసినా తెరపై "తప్పు" అని వస్తుంది. పిల్లలు డీలాపడిపోతారు. అసలు జవాబు రాసే ఆ ఖాళీ వెనుక ఏం జరుగుతుందో నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

అమెరికా కళాశాలల్లో వాడే "వెబ్‌వర్క్"నే తీసుకుందాం. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో గణితాచార్యులు ఆర్నాల్డ్ పైజర్, మైకేల్ గేజ్ 1990 దశకం మధ్యలో దీనిని రూపొందించారు. లెక్క తయారుచేసే ఉపాధ్యాయుడు ప్రతి ఖాళీకి రెండు సంగతులు చెప్పాలి. సరైన జవాబు ఏది? విద్యార్థి రాసినదాన్ని దానితో ఎలా పోల్చాలి?

మొదటిదే అంత తేలిక కాదు. చూసి రాయకుండా ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క అంకె వచ్చేట్టు చేస్తారు. కనుక జవాబును అంకెగా కాక సూత్రంగా రాయాలి. ఆ అంకెతో భాగించే లెక్కయితే సున్నా రాకుండా, 2 నుంచి 9 వరకు అని ముందే హద్దు పెట్టాలి.

అసలు చిక్కు రెండవదానిలో ఉంది. జవాబు 1/3 అనుకోండి. ఒకరు 0.3333 అని రాస్తారు, ఇంకొకరు 0.33 అని రాస్తారు. వెబ్‌వర్క్ మామూలుగా వెయ్యింట ఒక వంతు తేడా వరకే ఒప్పుకుంటుంది. మొదటిది ఒప్పు, రెండవది తప్పు. ఈ హద్దును మార్చే అధికారం ఉపాధ్యాయునిదే. మన దేశంలో గేట్ పరీక్ష కీలో కూడా సంఖ్యా జవాబులకు "ఇంత నుంచి ఇంత వరకు" అని ఇవ్వడం చూస్తున్నాం.

బీజగణితంలో (x+1)² అని రాసినా, x²+2x+1 అని రాసినా ఒకటే. యంత్రం x కు కొన్ని విలువలిచ్చి రెండు వైపులా గణించి చూస్తుంది. వర్గమూలం లోపల x–5 ఉంటే 5 కంటే తక్కువ విలువలు పనికిరావు. ఆ సంగతి ఉపాధ్యాయుడు ముందే చెప్పకపోతే పోలికే కుదరదు. జవాబు మాటల్లో రాయవలసివస్తే మరొక బాధ. "ఐదు", "అయిదు" రెండూ సరైనవే అని మనకు తెలుసు. చెప్పనిదే యంత్రానికి తెలియదు.

మనలో స్పాట్ వాల్యుయేషన్ చేసినవారున్నారు. పేపరు చేతిలో ఉన్నప్పుడు పిల్లవాడి ఉద్దేశం గ్రహించి మార్కు వేసేవాళ్ళం. ఇక్కడ ఆ విచక్షణంతా, పిల్లవాడు జవాబు రాయకముందే ఆ ఖాళీలో పెట్టాలి. మరీ బిగిస్తే తెలిసిన పిల్లవాడు నష్టపోతాడు. మరీ వదిలేస్తే తెలియనివాడూ గట్టెక్కుతాడు. దిద్దేది యంత్రమైనా న్యాయం చేయవలసింది మనిషే.

కనుక "తప్పు" అని రాగానే పిల్లలను కోప్పడకండి. యంత్రం తమ జవాబును ఎలా చదివిందో ముందుగా చూసుకోమనండి. అందుకు ప్రివ్యూ మీట ఉంటుంది. 1/2x అని కొడితే సగం x అని చదువుతుంది. 1/(2x) కావాలంటే కుండలీకరణాలు పెట్టాల్సిందే. అప్పటికీ తమ జవాబే ఒప్పనిపిస్తే మాస్టారికి మర్యాదగా రాయమనండి. ఆయన ఒక్కసారి సవరిస్తే తరగతి మొత్తానికి మేలు జరుగుతుంది.