రెండు చేతుల అప్పు, ఒక్క నోట్‌బుక్కు
(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన మీటింగు అంటే మద్దతు ధర, రుణమాఫీ, నకిలీ విత్తనాలు, కొనుగోలు కేంద్రాలు, ఇవే మాట్లాడుకుంటాం. ఈ రోజు ఇంటి లోపలి సంగతి ఒకటి మీ ముందు పెడుతున్నాం. ఆలుమగలిద్దరూ కలిసి కూర్చొని అప్పుల లెక్క రాసుకోవడం, ఏది ముందు తీర్చాలో ఇద్దరూ కలిసే తేల్చుకోవడం.

కమిటీలో ఈ విషయం పెట్టగానే కొందరు మిత్రులు అడ్డం తగిలారు. "ఇంటి ఖర్చుల లెక్క మనమే మొదలుపెడితే, రైతు దుబారా చేసి అప్పులపాలైండని బ్యాంకోళ్లు అనే మాటకు మనమే సాక్ష్యం చెప్పినట్టు కాదా?" అన్నారు. అనుమానం న్యాయమైనదే. జవాబు కూడా గట్టిగానే చెప్పుకోవాలి. 2019లో కేంద్ర ప్రభుత్వమే జరిపించిన జాతీయ నమూనా సర్వే ప్రకారం తెలంగాణ రైతు కుటుంబాల్లో నూటికి 91.7 అప్పుల్లో ఉన్నాయి. ఇంటికి సగటున 1,52,113 రూపాయల బాకీ. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93.2 కుటుంబాలు, సగటు బాకీ 2,45,554. దేశం మొత్తం చూస్తే నూటికి 50.2 కుటుంబాలు, 74,121 రూపాయలు. పదిళ్లలో తొమ్మిదిళ్లు అప్పుల్లో ఉన్నాయంటే అది ఆ తొమ్మిదిళ్ల అలవాట్ల సంగతి కాదు. పంట ధర సంగతి, పెట్టుబడి సంగతి, బ్యాంకు తలుపు ఎవరికి తెరుస్తున్నారనే సంగతి. ఆ కొట్లాట ఎటూ పోదు. కానీ ఆ కొట్లాట గెలిచేదాకా మిత్తి ఆగుతదా? రాత్రి మనం పండుకున్నా అది పండుకోదు.

మేం ఊళ్లల్లో తిరుగుతుంటే కనబడ్డది ఏమంటే, రైతు ఇంట్లో అప్పు రెండు చేతుల్లో ఉంటది. మగాయన చేతి కింద బ్యాంకు పంట రుణం, ఎరువుల దుకాణం ఉద్దెర, ప్రోనోటు మీద తెచ్చిన చేబదులు. ఆడామె చేతి కింద మహిళా సంఘం రుణం, చిట్టీ, కుదువ పెట్టిన బంగారం, పుట్టింటి నుంచి తెచ్చింది. ఆయన లెక్క ఆమెకు సగమే తెలుసు. ఆమె లెక్క ఆయనకు సగమే తెలుసు. దాచాలని దాచేది కొంత, చెప్తే బాధ పడతరని చెప్పనిది కొంత.

ఇది చిన్న విషయమని అనుకోవద్దు. ఆత్మహత్య జరిగిన ఇళ్లకు మేం పోయినప్పుడు మళ్లీ మళ్లీ విన్న మాట ఒకటే: "గింత అప్పున్నదని మాకు తెల్వదు." దినాలు కాకముందే అప్పులోళ్లు వస్తరు. ఎవరు నిజం, ఎవరు అబద్ధం, ఎంత ముట్టింది, ఎంత మిగిలింది, చెప్పేవాళ్లు లేరు. పరిహారం కోసం త్రిసభ్య కమిటీ ముందర అప్పు కాయితాలు చూపియ్యాలంటే ఏ కాయితం ఎవరి దగ్గరున్నదో ఆ ఇంటామెకు తెలియదు. బతికున్నప్పుడు ఆ లెక్క ఇద్దరి ముందరికి వస్తే మనిషే మిగిలేవాడేమో అని ప్రతిసారీ అనిపిస్తది.

ఇక ఒక జంట సంగతి చెప్తాం. అంకెలు చెప్పండి, పేరు చెప్పొద్దన్నారు. వరంగల్ వైపు ఊరు, సొంత భూమి మూడెకరాలు, కౌలు రెండెకరాలు, పత్తే ప్రధానం, ఒక బర్రె. 2019 ఎండాకాలంలో మేం వాళ్లింట్లో కూర్చున్నాం. ముందే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: మొదటి రోజు "ఎంత" అనే అడగాలి, "ఎందుకు తెచ్చినవ్" అని అడగకూడదు. ఎందుకు అన్న మాట రాగానే లెక్క ఆగిపోతది, పంచాయితీ మొదలైతది.

మొదటిసారి కూర్చున్నప్పుడు ఆయన మూడు బాకీలు చెప్పిండు. బ్యాంకు పంట రుణం 1,20,000. రెండు రూపాయల మిత్తికి ప్రోనోటు 1,00,000. ఎరువుల దుకాణంలో ఉద్దెర 65,000, అది కూడా రెండు రూపాయల కిందనే. ఆమె రెండు చెప్పింది. బంగారం మీద 80,000, మహిళా సంఘం రుణం 50,000, రెండూ దగ్గర దగ్గర రూపాయి మిత్తి. అయిపోయిందనుకున్నాం. మూడోసారి పోయినప్పుడు ఆమె ఇంకోటి బయటపెట్టింది. కొడుకు ఇంటర్ ఫీజుకని మూడు రూపాయల మిత్తికి 40,000. ఆయనకు అది అప్పుడే తెలిసింది. ఏమనలేదు, లేచి బర్రెకు నీళ్లు పెట్టొస్తనని బయటికి పోయిండు. అరగంటకు వచ్చి కూర్చొని, "అది గూడ రాయుండ్రి" అన్నడు.

మొత్తం 4,55,000. ఏడాది మిత్తి వేసినం. బ్యాంకుకు ఏడు శాతం లెక్కన 8,400. బంగారానికి 9,600. సంఘానికి 6,000. నోటుకు 24,000. ఉద్దెరకు 15,600. మూడు రూపాయల బాకీకి 14,400. కూడితే 78,000. ఆ ఏడు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 5,550. అంటే పద్నాలుగు క్వింటాళ్ల పత్తి మిత్తికే. ఎకరానికి ఏడు క్వింటాళ్లు పండే చెల్కల రెండెకరాలు దున్ని, విత్తి, కలుపు తీసి, ఏరి, అంతా మిత్తి కట్టెటోళ్ల కోసమే చేసినట్టు. వాళ్లు కౌలుకు తీసుకున్నదీ రెండెకరాలే. ఆమె ఆ మాట అన్నప్పుడు మాకెవరికీ మాట రాలేదు.

ఇంకో సంగతి చూడండి. నోటు, ఉద్దెర, మూడు రూపాయల బాకీ కలిపితే 2,05,000. మొత్తం అప్పులో సగం కంటే తక్కువ. కానీ 78,000 మిత్తిలో 54,000 దీనిదే. విడివిడిగా ఉన్నప్పుడు ఇది ఎవరికీ కనబడదు. ఒక్క పేజీ మీద పెడితే చదువు రానోళ్లకు కూడా కనబడతది.

ఏది ముందు తీర్చాలన్న దగ్గర గట్టి చర్చే జరిగింది. ఆయన బ్యాంకుది ముందు అన్నడు, నోటీసు వస్తే పరువు పోతదని. ఆమె బంగారం ముందు అన్నది, మెడలో పుస్తెలు లేకుండా పెండ్లిళ్లకు ఎట్ల పోవాలని. రెండూ కాదనలేని మాటలే. అయినా మేం చెప్పింది మూడు రూపాయలది ముందు, రెండు రూపాయలవి తర్వాత, బంగారం ఆ తర్వాత అని. బ్యాంకుది గడువు తప్పకుండా తిరగరాస్తే చాలు. మూడు లక్షల లోపు పంట రుణం గడువులో కడితే మూడు శాతం తగ్గి నాలుగు శాతమే పడుతది. అంత చౌక అప్పు మనకు ఇంకోటి దొరకదు, దాన్ని తొందరపడి తీర్చేదేమున్నది?

మూడు రూపాయల బాకీని ఆమెనే దారి వెతికి తీర్చింది. మహిళా సంఘంలో ఇంకో 40,000 రుణం తీసుకొని అది కట్టేసింది. అప్పు ఒక్క రూపాయి తగ్గలేదు, కానీ 14,400 మిత్తి 4,800 అయ్యింది. ఇట్ల అప్పు మార్చేటోళ్లు ఒక్కటి మరవొద్దు: పాత నోటు చేతికి వచ్చి చింపేదాకా పైసలు ఇయ్యొద్దు. లేకుంటే రెండప్పులు అయితయి. కొంత కొంత కట్టేటోళ్లు కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించుకోవాలి, తారీఖుతో. నోటుకు చట్టం ప్రకారం మూడేళ్ల గడువు ఉంటది, చెల్లు రాసి సంతకం పెడితే ఆ తారీఖు నుంచి మళ్లీ మూడేళ్లు. ఇది అప్పిచ్చినోనికీ లాభమే, కాబట్టి రాయనంటే అనుమానించాల్సిందే. మాట మీద నమ్మకంతో మిత్తి కట్టుకుంట పోయి, చివరికి అసలంతా అట్లనే ఉన్నదంటే నోరు మూసుకున్న ఇళ్లు మనకు తెలుసు.

ఇక ఖర్చుల సంగతి. ఉద్యోగస్తుల ఇళ్లల్లో నెలకింత అని బడ్జెట్ వేసుకుంటరు. మనకు నెల లేదు. పత్తి పైసలు నవంబర్ నుంచి ఫిబ్రవరిలోపు వస్తయి, ఖర్చు జూన్‌లో మొదలైతది. వాళ్లు పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లు, ఆమె కూలి పైసలతోనే కిరాణం, కూరగాయలు, మహిళా సంఘం కిస్తు నడపాలని పెట్టుకున్నరు. పత్తి పైసలు ఇంటి ఖర్చుకు ముట్టొద్దు. అప్పట్లో ఎకరానికి సీజనుకు 5,000 చొప్పున మూడెకరాలకు వచ్చే రైతుబంధు 15,000 నేరుగా విత్తనాలు, ఎరువులకే. కౌలు రెండెకరాలకు ఆ పైసలు పట్టాదారుకే పోతయి, పెట్టుబడి మాత్రం కౌలుదారే పెట్టాలి. కౌలు రైతుల గుర్తింపు గురించి మనం ఎందుకు అరుస్తున్నమో ఆ నోట్‌బుక్కులో ఒక్క గీతతో తెలిసిపోతది.

కొట్లాటలు రాలేదని అనుకోకండి. ఆయన సాయంత్రం ఖర్చు రోజుకు వంద. ఏడాదికి 36,500 అని ఆమె రాసి చూపించింది. ఆమె చిట్టీ నెలకు వెయ్యి. రెండు రూపాయల మిత్తి కట్టుకుంట చిట్టీ ఎందుకని ఆయన అడిగిండు. ఆయన పూర్తిగ మానలేదు, వారానికి రెండుసార్లకు వచ్చిండు. ఆమె ఆ చిట్టీ పాడి నోటు మీద చెల్లు రాయించింది, మళ్లీ కొత్తది వెయ్యలేదు. పెండ్లిళ్ల కట్నాలు, బోనాల ఖర్చు, బతుకమ్మకు ఆడబిడ్డలకు చీరలు, ఇవి తగ్గించమని మేం చెప్పలేదు. అవి తగ్గిస్తే మనిషి ఊర్ల తల ఎత్తుకోడు. ముందే రాసి పెట్టుకొమ్మన్నం, అప్పటికప్పుడు దుకాణంలో ఉద్దెర తేవద్దన్నం.

దుకాణం ఉద్దెర గురించి ఇంకొంచెం చెప్పాలి. మిత్తి ఒక్కటే కాదు అక్కడ పోయేది. ఉద్దెర తెచ్చినోనికి మందు బస్తా రేటు వేరు. పత్తి ఆ దుకాణానికే వెయ్యాలి, వాడు చెప్పిన ధరకే, వాడి కాంటా మీదనే. సీసీఐ కేంద్రం పక్కనే ఉన్నా పోలేడు. పోయినా తేమ ఎనిమిది శాతం ఉంటేనే పూర్తి ధర, పన్నెండు దాటితే కొనరు. ఆరబెట్టుకొని ఆగాలంటే చేతిలో నాలుగు పైసలుండాలి. ఆగలేనితనమే మన అసలు నష్టం.

మొదటి ఏడు ఉద్దెర 65,000 నుంచి 25,000కు దిగింది. 2020 అక్టోబర్ వానలకు చేలో పత్తి నల్లబడ్డది. ఆ ఏడు మిత్తులు, సంఘం కిస్తు తప్ప నోటు మీద గానీ ఉద్దెర మీద గానీ ఒక్క రూపాయి అసలు తగ్గలేదు. నోట్‌బుక్కు చింపేస్తనని ఆయన అన్నడట. ఎంత చక్కగా లెక్క రాసుకున్నా వాన ముందర అది నిలవదు, ఈ మాట దాచి మీకు చెప్పడం న్యాయం కాదు.

మూడో ఏడు, మొదటి తీత పత్తి అమ్మి ఉద్దెర ముట్టజెప్పిన్రు. మిగిలిన 20 క్వింటాళ్లు జనవరి దాక ఇంట్లనే పెట్టుకున్నరు. 2022 మొదట్లో ఎనుమాముల మార్కెట్‌లో పత్తి క్వింటాలు 10,000 కూడా దాటింది గుర్తుందా? వాళ్లకు 9,000 పడ్డది. ఆ సీజను మద్దతు ధర 6,025. ఇరవై క్వింటాళ్ల మీద తేడా 59,500. డిసెంబర్‌లోనే దుకాణానికి తూకం వేసిన పక్క చేను రైతుకు ఆ ధర అందలేదు. నోటు పూర్తిగ తీరింది.

2022 ఎండాకాలం నాటికి బంగారం 80,000, సంఘం 30,000, బ్యాంకు 1,20,000, మొత్తం 2,30,000 మిగిలింది. గడువులో కట్టే బ్యాంకు మిత్తితో కలిపి ఏడాది మిత్తి 18,000. 78,000 ఎక్కడ, 18,000 ఎక్కడ. తర్వాత 2024 మాఫీలో ఆ బ్యాంకు బాకీ కూడా పోయింది. ఆ మాఫీ బ్యాంకు కాయితానికే, దుకాణం ఖాతాకు గానీ నోటుకు గానీ రాలేదన్నది మీకు తెలిసిందే.

ఈ జంటను చూపించి "పొదుపుతో అప్పు తీర్చుకోవచ్చు" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. అప్పు తీర్చింది ధర. ఆ ధర వచ్చేదాకా ఆగగలిగే బలం ఇచ్చింది నోట్‌బుక్కు. ఒక్కటి లేకుండా ఇంకోటి పనిచేయదు.

ఆ నోట్‌బుక్కులో చివరి పేజీ మాకు మరీ పనికొచ్చింది. చేలో తన పని దినాలు ఆమె రాసుకున్నది. 110 రోజులు. 300 కూలి లెక్కన 33,000. అంతకుముందు ఏ లెక్కలోనూ లేని పైసలు. ఉత్పత్తి ఖర్చు మీద కనీసం సగం ఎక్కువ ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ చెప్పింది. ప్రభుత్వం చేతి ఖర్చు, ఇంటోళ్ల కూలి వరకే లెక్కేసి మద్దతు ధర ఇస్తున్నది. సొంత భూమికి కౌలు, సొంత స్థిర పెట్టుబడి మీద మిత్తి వదిలేస్తున్నది. మనం కలెక్టరు దగ్గరికి పోయినప్పుడు నినాదాలతో పాటు ఇట్లాంటి రెండు వందల నోట్‌బుక్కులు బల్ల మీద పెడితే మాట వేరుగా ఉంటది.

అందుకే విత్తనాలు కొనకముందే, మే నెలలో, ప్రతి గ్రామ కమిటీ రెండు రాత్రులు కూర్చోవాలని నిర్ణయం చేసినం. నోట్‌బుక్కులు సంఘమే ఇస్తది. అప్పుల పేజీ మీ ఇంట్లనే ఉంటది, మేం అడగం, చూడం. పంట ఖర్చు, పని దినాల పేజీ మాత్రం నకలు తీసుకుంటం. ఒక్కరే వస్తే కూర్చోబెట్టం, ఇద్దరూ రావాలి. పాస్‌బుక్కులు, సంఘం పుస్తకం, కుదువ రసీదులు, దుకాణం చిట్టీలు తెచ్చుకోండి. బియ్యం డబ్బాలో దాచినవి ఉంటే అవి కూడా.