ఋణ సంవర్గమానము – రసాయనశాస్త్రమున దాని వినియోగము



గణితమునందలి ఋణమునకును, లావాదేవీలయందలి ఋణమునకును బంధుత్వము చాల పురాతనమైనది. క్రీ. శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున ధనఋణములకు సూత్రములు చెప్పెను. ధనమనగా కలిమి, ఋణమనగా అప్పు. జమాఖర్చు వ్రాయు ప్రతివానికిని ఇది తెలిసిన సంగతియే. అట్లయ్యు రసాయనశాస్త్రము చదువు విద్యార్థులు ఋణ సంవర్గమానము కడకు వచ్చుసరికి తడబడుచుందురు. ఆ తడబాటు పలకమీదనే నిలిచిన చింత లేదు; అది పొలము దాకను పోవుటకు వీలున్నది.

పదిని ఎన్నిమారులు వేసి హెచ్చించినచో ఒక సంఖ్య వచ్చునో ఆ లెక్కయే దాని సంవర్గమానము. వేయికి 3, నూటికి 2, పదికి 1, ఒకటికి సున్న. ఇంకను దిగినచో పదవవంతునకు ఋణము 1, నూరవవంతునకు ఋణము 2. ఇచ్చట నొక హెచ్చరిక. ఋణసంఖ్యకు సంవర్గమానము వాస్తవ సంఖ్యలలో లేదు. ఒకటికంటె చిన్నదైన ధనసంఖ్య యొక్క సంవర్గమానమే ఋణమగును. ఈ రెంటిని కలగాపులగము చేయరాదు.

ఈ భావము ఈ దేశమునకు పరాయిది కాదు. 9వ శతాబ్దమున జైనాచార్యుడగు వీరసేనుడు ధవళాటీకలో అర్ధచ్ఛేదములను గూర్చి చెప్పియున్నాడు. 32ను సగము చేయుచు పోగా అయిదవమారునకు ఒకటి మిగులును. కావున 32కు అర్ధచ్ఛేదములు 5. ఆ శతాబ్దముననే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచింపగా, దానిని పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చి లెక్కకు కావ్యగౌరవము కలిగించెను. అంతమాత్రమున సంవర్గమాన పట్టికలు కూడ ఇచ్చటనే పుట్టినవనుట అతిశయోక్తి యగును. వానిని 1614లో ప్రకటించినవాడు స్కాట్లండు దేశీయుడగు జాన్ నేపియరు. పదిని ఆధారముగా గొని 1617లో తొలి పట్టిక వెలువరించినవాడు హెన్రీ బ్రిగ్సు.

ఇక రసాయనము. 1909లో కోపెన్‌హేగన్ నగరమందలి కార్ల్స్‌బర్గు ప్రయోగశాలలో సోరెన్సెన్ అను పండితుడు ఎంజైములను పరిశోధించుచుండెను. ఆ ప్రయోగశాల ఒక బీరు కర్మాగారమునకు చెందినది! ఎంజైముల పని ఆమ్లత్వమునుబట్టి మారును. ఆమ్లత్వమును తెలుపునది ఉదజని అయానుల గాఢత. అది ఎంత స్వల్పమనగా, 25 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియందు శుద్ధజలమున లీటరునకు 0.0000001 మోలు మాత్రమే. ఇన్ని సున్నలు ప్రతిమారు వ్రాయుట శ్రమ. ఒకటి జారినచో లెక్క పదింతలు మారును. అందుచేత సోరెన్సెన్ ఆ గాఢత యొక్క సంవర్గమానమును గైకొని, దాని ఋణచిహ్నమును తొలగించి, మిగిలిన అంకెకు పి.హెచ్. అని పేరిడెను. శుద్ధజలమునకు అది 7. అంకె తగ్గినకొలది ఆమ్లత్వము హెచ్చును, పెరిగినకొలది క్షారత్వము హెచ్చును. నిమ్మరసము 2, 3 అంకెల నడుమ నుండును. సున్నపుతేట 12 దాటును. ఒక్కొక్క మెట్టునకు పదిరెట్ల భేదము.

తడబాటు ఎచ్చట కలుగునో చూడుడు. ఒక ద్రవమున ఉదజని అయానుల గాఢత 0.000000032 అనుకొనుడు. బిందువు తరువాత సున్నలు ఏడు. దానికి ఒకటి చేర్చగా ఎనిమిది. పట్టికలో 32వ వరుసయందు, సున్న నిలువున 5051 కనబడును. కావున 8 నెత్తిన అడ్డుగీత గీసి, బిందువు పెట్టి 5051 వ్రాయుదురు. ఆ అడ్డుగీత 8కి మాత్రమే చెందినది. పట్టికనుండి తెచ్చిన దశాంశభాగము ఎల్లప్పుడును ధనమే. ఎనిమిది రూపాయలు బాకీ, అర్ధరూపాయి జమ. ఇట్టి ఖాతాలో నికరపు బాకీ ఎనిమిదిన్నర యని ఏ షావుకారైనను వ్రాయునా? ఏడున్నర యనియే వ్రాయును. 8లోనుండి 0.5051 తీసివేయగా 7.4949; ఇదియే పి.హెచ్. త్వరపాటున 8.5051 అని వ్రాసినచో పదిరెట్లకు మించిన తప్పగును.

ఈ తప్పు ఖానాపురమువంటి చోట చిన్నది కాదు. 2016లో ఆదిలాబాదు జిల్లానుండి విడివడి నిర్మలు జిల్లాలో చేరిన ఈ గోదావరీతీర పట్టణమున సదర్‌మాట్ ఆనకట్ట నీటితో వరి పండును. వాననమ్ముకొని పత్తి వేయువారును గలరు. 2015లో కేంద్రప్రభుత్వము భూసార పరీక్షాపత్రముల పథకమును ప్రారంభించినది మొదలు రైతులకు అందు పత్రములలో పి.హెచ్. ఒక గడి. నల్లరేగడి సహజముగనే కొంత క్షారమువైపు మొగ్గియుండును; 7.5 దానికి వింత కాదు. 8.5 దాటినచో మాత్రము చౌడు శంక పుట్టును. అప్పుడు లవణములను, సోడియము పాలును కూడ చూచి, చౌడని తేలినచో జిప్సము వేసి, మంచినీరు కట్టి కడుగవలసియుండును. మంచి రేగడిని చౌడుగా లెక్కించి బస్తాలకొలది జిప్సము తోలించిన రైతు గతియేమి? నేడు ప్రయోగశాలలలో యంత్రమే అంకెను చూపుచున్నందున ఈ కూడిక తీసివేతల బాధ తగ్గినది. కాని ఏడున్నరకును ఎనిమిదిన్నరకును భేదము ఒక్కటియే గదా యని తేలికగా తలచువారు ఇంకను గలరు.

విలోమముగా చేయునపుడును ఇదే జాగ్రత్త. పి.హెచ్. 8.5 అయినచో గాఢత యెంత? ఋణము 8.5ను ఋణము 9గాను, ధనము 0.5గాను విడదీయవలెను. 0.5కు ప్రతిసంవర్గమానము 3.16, కనుక గాఢత 0.00000000316.

సరాసరి విషయమున మఱియొక చిక్కు గలదు. రెండు చెలకల పి.హెచ్. 6, 8 అయినచో సరాసరి 7 అని వ్రాయుట సులభము. గాఢతలను సరాసరి చేసి సంవర్గమానము తీసినచో వచ్చునది సుమారు 6.3. ఆ రెండు మట్టులను నిజముగా కలిపి పరీక్షించినచో ఈ రెంటిలో ఏదియు రాకపోవచ్చును. ఏలయన ఆమ్లక్షారముల మార్పును అడ్డగించు గుణము మట్టికి గలదు. కావున రేగడి మట్టిని చెలక మట్టితో కలుపక వేర్వేరుగా నమూనాలు తీయవలెను. గట్లప్రక్కను, పెంటకుప్పల చోటను, చెట్లనీడను విడిచి, నాగటిచాలు లోతువరకు మట్టి తీసి, నీడనార్చి, జల్లించి పంపవలెను. పరీక్షకులు అందులో 20 గ్రాములకు 50 మిల్లీలీటర్ల శుద్ధజలము చేర్చి, కలియబెట్టి అంకె చూచెదరు.